పదవీ విరమణ తర్వాత స్టాంపులు, నాణేలు: అమ్మాలా, ఉంచుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. చిన్నప్పటి నుంచి కూడబెట్టిన స్టాంపులు, నాణేలు ఒక గది నిండా ఉన్నాయి. ఉద్యోగ విరమణ అయింది, చిన్న ఇంట్లోకి మారబోతున్నారు. పిల్లలకు వీటి మీద ఆసక్తి లేదు. ఒక డీలర్ వచ్చి చూసి, మొత్తం కలిపి ఒక ధర చెప్పారు. మీరు ధరల కేటలాగు దగ్గర పెట్టుకుని వేసిన లెక్కలో అది పదో వంతు కూడా లేదు. మీ శ్రీమతి గారు ఇచ్చేయమంటున్నారు. మీకేమో చేతులు రావడం లేదు.

ఇతరుల సేకరణలకు విలువ కట్టడం, వాటిని వేలానికి సిద్ధం చేయడం చాలా ఏళ్లుగా నా పని. కాబట్టి నాన్చకుండా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఎక్కువ భాగం అమ్మేయండి. మీరు ఉండగా, మీ చేతులతోనే అమ్మండి. అయితే ఈ నెలలోనే అమ్మనవసరం లేదు, ఒకే మూటగా అసలే వద్దు. కొద్ది భాగం ఉంచుకోండి. ఆ కొద్ది భాగం ఏదో తేల్చేటప్పుడు మాత్రం ధరల పుస్తకం పక్కన పెట్టేయండి.

మీ చేతులతోనే అని ఎందుకు అంటున్నానో ముందు చెప్పాలి. ఏ సేకరణలోనైనా అన్నిటికన్నా ముందు నశించేది యజమాని తలలో ఉన్న సమాచారం. ఒకే సంవత్సరం వేసిన రెండు నాణేలు పక్కపక్కన పెడితే ఇంట్లోవాళ్లకు ఒకేలా కనిపిస్తాయి. ఒకదాని మీద టంకశాల గుర్తు వేరని, ఆ టంకశాలలో ఆ ఏడు చాలా తక్కువగా ముద్రించారని మీకు తెలుసు. మీరు ఆ మాట ఎక్కడా రాసి ఉండరు, రాయవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు కాబట్టి. నా దగ్గరకు వచ్చే కుటుంబాల్లో ఎక్కువమంది చెప్పే మాట ఒకటే: "ఇందులో ఏదో ఒకటి చాలా విలువైనదని ఆయన అంటుండేవారు. ఏదో మాకు తెలియదు." ఆ ఒక్కదాన్నీ వెతికి పట్టుకునే ఓపిక, పరిజ్ఞానం ఉన్న మనిషి దొరికితే వాళ్ల అదృష్టం. దొరకకపోతే అది కిలోల లెక్కన పోతుంది.

ఇక మీ కేటలాగు లెక్క. ఇక్కడ కొంచెం నిష్ఠురంగా మాట్లాడక తప్పదు. కేటలాగులో ఉండేది దుకాణదారు మీకు అమ్మే ధర, అది కూడా లోపం లేని ప్రతికి. మీరు అమ్మబోయే ధరతో దానికి దూరపు చుట్టరికం మాత్రమే. అతి మామూలు స్టాంపుకు కూడా అందులో ఒక కనీస ధర వేస్తారు. దాన్ని పెట్టెలోంచి వెతికి తీసి, సరిచూసి, కవరులో పెట్టి ఇచ్చే మనిషి శ్రమకు కట్టిన కూలి అది. అలాంటివి అయిదు వేలు పోగేసి కనీస ధరతో గుణిస్తే కాగితం మీద పెద్ద మొత్తమే వస్తుంది. మీరు అమ్మబోయినప్పుడు ఆ కూలి మీకెవరూ ఇవ్వరు.

పాతదైతే విలువైనదన్న నమ్మకమూ ఇలాంటిదే. 1840 మేలో బ్రిటన్‌లో వాడకంలోకి వచ్చిన పెన్నీ బ్లాక్ ప్రపంచంలోని మొదటి జిగురు తపాలా బిళ్ళ. అంతకన్నా పాతది లేదు. అయినా అది అరుదైనది కాదు, ఎందుకంటే 6 కోట్ల 80 లక్షలకు పైగా అచ్చువేశారు. పైగా ఆ రోజుల్లో చాలామంది ఉత్తరం కాగితాన్నే మడిచి, పైన బిళ్ళ అంటించి పంపేవారు. ఉత్తరాన్ని దాచినవారు బిళ్ళనూ దాచినట్టే అయింది. అవి షీటు నుంచి కత్తెరతో కత్తిరించిన బిళ్ళలు కదా, నాలుగు వైపులా తెల్లటి అంచు నిలిచిన దానికీ, కత్తెర బొమ్మలోకి దిగిన దానికీ ధరలో ఎన్నో రెట్ల తేడా ఉంటుంది. వయసుతో వచ్చే ధర కొంతే, మిగతాదంతా స్థితిని బట్టే.

అరుదైనదైతే పెరుగుతూనే ఉంటుందా అంటే, అదీ చెప్పలేం. 1856 నాటి బ్రిటిష్ గయానా ఒక సెంటు మెజెంటా బిళ్ళ లోకానికి తెలిసి ఒక్కటే ఉంది. 2014లో దాదాపు 95 లక్షల డాలర్లకు దాన్ని కొన్న పాదరక్షల డిజైనర్ స్టూవర్ట్ వైట్స్‌మన్ 2021లో వేలానికి పెడితే వచ్చింది సుమారు 83 లక్షలు. అదే వేలంలో ఆయనదే అయిన 1933 నాటి అమెరికా డబుల్ ఈగిల్ బంగారు నాణెం 1 కోటి 88 లక్షల డాలర్లు దాటింది. 2002లో ఆయన దానికి ఇచ్చింది సుమారు 76 లక్షలు. ఒకే మనిషి, ఒకే వేలం, ఒకటి దిగింది, ఒకటి ఎగిరింది. దాచుకుంటే పెరుగుతుందన్న భరోసాతో ఏ వస్తువునూ ఉంచుకోవద్దని నేను అనడానికి కారణం ఇదే. విశ్రాంత జీవితానికి డబ్బు కావాలంటే దానికి వేరే దారులున్నాయి. స్టాంపు వడ్డీ ఇవ్వదు, అవసరం వచ్చిన రోజున సగం ముక్క చించి అమ్ముకోనివ్వదు.

మీ గదిలో ఎక్కువ చోటు ఆక్రమించినవి ఏవో చూడకుండానే ఊహించగలను. తపాలా శాఖలు వరసగా విడుదల చేసిన తొలిరోజు కవర్లు (కొత్త బిళ్ళ అంటించి, అది విడుదలైన రోజు ముద్ర వేసినవి), టంకశాలలు అందమైన పెట్టెల్లో ధ్రువపత్రం జతచేసి అమ్మిన స్మారక నాణేలు. వీటిని కొన్న ప్రతి ఒక్కరూ మీలాగే భద్రంగా దాచారు. అందరూ దాచిన వస్తువు అరుదు కావడానికి అవకాశమే లేదు. వెండి, బంగారు నాణేలైతే కనీసం లోహం ధర పలుకుతుంది, మిగతా వాటికి ఆ ఆధారమూ లేదు. ఇంకో రకం చూడండి: పైన తపాలా ముద్ర ఉంటుంది, వెనక జిగురు చెక్కుచెదరకుండా ఉంటుంది. కొన్ని దేశాల తపాలా శాఖలు ఏ ఉత్తరానికీ అంటించకుండానే ముద్రలు కొట్టి పొట్లాలుగా అమ్మిన బిళ్ళలవి. చిన్నప్పుడు మనందరికీ ఎంతో ఇష్టమైన రంగురంగుల పూలు, చేపలు, రాకెట్లు ఎక్కువగా ఈ జాతివే. మనవలకో, పక్కింటి పిల్లలకో ఇచ్చేయండి, వాళ్లు సంతోషిస్తారు.

దీనికి విరుద్ధంగా, మీరు ఖాతరు చేయని మూలలో నిజమైన సరుకు ఉండవచ్చు. పాత ఉత్తరాలు, చిరునామాతో, ముద్రలతో, దారిలో చేరిన గుర్తులతో చెదరకుండా ఉన్న కవర్లు ఉన్నాయా? దయచేసి వాటి మీది బిళ్ళలను నీళ్లలో నానబెట్టి ఊడదీయకండి. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ దారిలో, ఎంత రుసుముతో వెళ్లిందో చెప్పే కవరు చాలాసార్లు దాని మీది బిళ్ళ కన్నా ఎక్కువ పలుకుతుంది. వాడని పాత స్టాంపులైతే వెనక్కి తిప్పి చూడండి. ఆల్బమ్‌లో అంటించడానికి వాడే హింజ్ (చిన్న జిగురు కాగితం ముక్క) మచ్చ లేని జిగురుకు కొనేవారు ప్రత్యేకంగా డబ్బు పెడతారు.

నాణేల విషయంలో నేను బతిమాలి చెప్పే మాట ఒక్కటే: తోమకండి. అమ్మే ముందు మెరిపిద్దామనే ఉత్సాహంతో విలువ పోగొట్టుకున్న నాణేలు నా బల్ల మీదకు వస్తూనే ఉంటాయి. తోమిన గీతలు భూతద్దం కింద దాగవు, మళ్లీ పూడవు. నాణేల స్థితిని 1 నుంచి 70 వరకు అంకెలతో కొలిచే షెల్డన్ కొలమానంలో, పై మెట్లలో ఒక్క అంకె తేడా ధరను మార్చేస్తుంది. తోమిన నాణేన్ని, అసలుదో కాదో చూసి స్థితిని తేల్చే ధ్రువీకరణ సంస్థలు చాలావరకు అంకె ఇవ్వకుండా, "శుభ్రం చేసినది" అని రాసి పంపేస్తాయి. పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి ఆ సంస్థలకు పంపి ప్లాస్టిక్ పలకలో బిగించి తెప్పించుకోవడం మంచిదే, కానీ ప్రతి నాణేనికీ కాదు. రుసుము, రానుపోను ఖర్చు, బీమా కలిపితే వచ్చే మొత్తానికి ఎన్నో రెట్లు పలికే నాణేలకే ఆ ఖర్చు పెట్టండి.

ఆ డీలర్ మిమ్మల్ని మోసం చేశారని వెంటనే అనుకోకండి. గది నిండా సరుకు తీసుకెళ్లి వేరు చేయడానికి ఆయనకు నెలలు పడుతుంది. అందులో త్వరగా అమ్ముడయ్యేది కొద్దిగానే ఉంటుంది, మిగతాది ఏళ్ల తరబడి ఆయన అరల్లో పడి ఉంటుంది. ఆయన చెప్పిన ధర దాదాపుగా ఆ కొద్దిదానికే. అయితే ఒకే మొత్తం చెప్పడంలోని సౌకర్యమంతా ఆయన వైపే ఉంది. కాబట్టి ఒక ప్రశ్న అడగండి: "ఈ ధర ప్రధానంగా ఏయే వస్తువుల మీద నిలబడింది?" నిజాయితీపరుడైతే పదిపదిహేను చూపిస్తారు. చూపించకుండా మాట మారిస్తే, ఇవాళే తేల్చమని తొందరపెడితే, టీ ఇచ్చి పంపించేయండి. చూపించినవి మాత్రమే కొంటానంటే కూడా ఊరికే తలూపకండి. మీగడ తీసుకెళ్లాక మిగిలిన దానికి మరో కొనుగోలుదారు రావడం కష్టం. ఆ పదిపదిహేనుకు విడిగా ఇంకో ఇద్దరి దగ్గర ధర కట్టించుకున్నాకే బేరం.

ఇప్పుడు అసలు చిక్కు. ఏది ఉంచుకోవాలి?

మన దగ్గరున్న వస్తువుకు మనం ఎక్కువ విలువ కడతామని మనకు లోలోపల తెలుసు. ఎంత ఎక్కువో కొందరు కొలిచి చూశారు. పరిశోధకులు డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరు విద్యార్థులకు కాఫీ కప్పులు ఇచ్చి, అమ్మాలంటే ఎంతకు ఇస్తారని అడిగారు. వాళ్లు చెప్పిన ధర కప్పు లేనివారు ఇవ్వజూపిన దానికి రెట్టింపుకు పైగా ఉంది. ఆ కప్పు చేతికొచ్చి ఎంతో సేపు కాలేదు. పదేళ్ల వయసులో దొరికిన నాణెం సంగతి ఇక చెప్పాలా? అందుకే "ఇది అమ్మగలనా?" అని మిమ్మల్ని మీరు అడిగితే జవాబు ఎప్పుడూ వద్దనే వస్తుంది. ప్రశ్నను తిప్పండి. ఇవాళ మీ దగ్గర ఒక్క స్టాంపూ లేదు, ఒక్క నాణెమూ లేదు, అవి అమ్మితే వచ్చే డబ్బు మాత్రం చేతిలో ఉంది. ఏ భాగాన్ని తిరిగి కొంటారు? నేను అడిగిన వాళ్లలో చాలామంది కాసేపు ఆలోచించి ఒకటో రెండో ఆల్బమ్‌ల పేర్లే చెప్పారు. కొందరు ఏమీ చెప్పలేక తమకు తామే ఆశ్చర్యపోయారు.

రెండో కొలత ఇంకా సూటిగా ఉంటుంది. గడిచిన ఏడాదిలో ఏ పెట్టె తెరిచారు? చూసి మూసేయడం లెక్కలోకి రాదు. భూతద్దం పట్టుకుని ఏదో వెతికారా, ఎవరితోనైనా వాదించారా, ఆల్బమ్‌లో ఖాళీ గడి నింపాలని తపించారా? అలాంటి భాగం ఉంటే దాన్ని అమ్మకండి, ఎంత పలికినా సరే. ఉద్యోగం మానేశాక పొద్దున లేచి చేయడానికి ఇష్టమైన పని ఉండటం, దాని గురించి మాట్లాడటానికి నలుగురు మిత్రులు ఉండటం చిన్న విషయం కాదు. పూర్తయిపోయిన సెట్లు అమ్మి, ఆ డబ్బులో కొంత ఈ బతికున్న భాగంలో పెట్టినా నేను తప్పు పట్టను. ఒక దేశం మొత్తం సేకరించిన మనిషి ఒకే తపాలా మార్గానికి, ఒకే రాజు నాణేలకు కుదించుకుని రెట్టింపు ఉత్సాహంతో పనిచేయడం నేను చూశాను. చూపు తగ్గుతున్న వారికి చిన్న బిళ్ళల కన్నా కవర్లు హాయిగా ఉంటాయని కూడా గుర్తుపెట్టుకోండి.

విరమణ తర్వాత మొదటి కొన్ని నెలలు ఏదీ తేల్చకపోతే మంచిది. ఆ రోజుల్లో కొందరు అన్నీ వదిలించుకోవాలన్న ఊపులో ఉంటారు, కొందరు చేతినిండా తీరిక దొరికింది కదా అని రెట్టింపు కొంటారు. రెండూ చల్లారతాయి. ఇల్లు మారే తేదీలోపే అమ్మాలని నియమం ఏమీ లేదు. కొన్నాళ్లు పెట్టెలను వేరేచోట, తేమ లేని గదిలో ఉంచడానికి అయ్యే ఖర్చు తొందరపాటు అమ్మకంలో పోయేదాని కన్నా తక్కువే ఉంటుంది. అటక మీద, నేలమాళిగలో మాత్రం వద్దు. వేడి, తేమ రెండూ జిగురుకూ రాగికీ శత్రువులు.

మీ శ్రీమతి గారి మాటను మరోసారి వినండి. ఆవిడ అడుగుతున్నది నిజంగా స్థలమేనా? ఇలాంటి ఇళ్లలో నేను ఎక్కువగా చూసింది భయం. మీ తర్వాత ఈ గదితో తానేం చేయాలో, ఎవరిని నమ్మాలో తెలియదన్న భయం. దానికి మందు ఒక పట్టిక. ప్రతి బిళ్ళనూ రాయబోతే జన్మ చాలదు, కాబట్టి పెట్టెల వారీగా మొదలుపెట్టండి. విడిగా అమ్మదగ్గ వస్తువులకు మాత్రం ఒక్కోదానికి ఒక్కో పంక్తి రాయండి: అది ఏమిటి, ఎక్కడ ఉంది, ఎప్పుడు ఎంతకు కొన్నారు, రసీదు, ధ్రువపత్రం ఉన్నాయా, దాని ప్రత్యేకత ఏమిటి. ఫోటో తీయండి. చివర్లో నమ్మదగిన ఇద్దరు ముగ్గురి పేర్లు, ఫోను నంబర్లు రాయండి. ఎవరిని గడప దాటి రానివ్వకూడదో అదీ రాయండి, మొహమాటం వద్దు. ఆ పట్టిక ఆవిడకు చూపించి, కొత్త ఇంట్లో ఒక అలమారా మాత్రం నాదని ఒప్పందం చేసుకోండి. అలమారాలో పట్టనిది అమ్మకానికి. నాకు తెలిసిన తగవులు ఇలాగే తీరాయి.

అమ్మే దారులను క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఏ వస్తువు ఏ దారిలో వెళ్లాలో పట్టిక తయారయ్యేసరికి మీకే తెలుస్తుంది. మేలైనవి వేలం సంస్థకు. అమ్మేవారి దగ్గర కమిషన్ తీసుకుంటారు, కొనేవారి దగ్గర కూడా అదనపు రుసుము తీసుకుంటారు. ఆ రెండోది కొనేవారి జేబులోంచి పోయినట్టు కనిపిస్తుంది కానీ, వాళ్లు దాన్ని లెక్కలో ఉంచుకునే పాట పాడతారు, కాబట్టి ఆ భారమూ మీ మీదే పడుతుంది. ఫోటోలకు, బీమాకు, అమ్ముడుపోని వస్తువులకు రుసుము ఉందా అని ముందే రాతపూర్వకంగా అడగండి. చేతికి డబ్బు రావడానికి నెలలు పడుతుంది. మధ్యరకం వస్తువులను ఓపిక ఉంటే మీరే ఇంటర్నెట్‌లో, లేదా సేకర్తల సంఘం సమావేశాల్లో తోటివారికి అమ్ముకోవచ్చు. అన్నిటికన్నా ఎక్కువ ధర ఇక్కడే వస్తుంది, కానీ ఫోటోలు, పొట్లాలు, పోస్టాఫీసు, తిరిగొచ్చిన సరుకు, ఫిర్యాదులు అన్నీ మీవే. ఆ పని సరదాగా అనిపించని వారు దాని జోలికి వెళ్లకూడదు. మిగిలిన మామూలు సరుకును కట్టగా డీలర్‌కు ఇచ్చేయండి, దాని గురించి బాధపడకండి.

మ్యూజియంకు ఇస్తే కలకాలం నిలుస్తుందని అనుకునేవారికి రెండు ఉదాహరణలు చెబుతుంటాను. బ్రిటిష్ సేకర్త థామస్ టాప్లింగ్ 1891లో చనిపోతూ తన స్టాంపులను బ్రిటిష్ మ్యూజియంకు రాసిచ్చారు. అవి ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో చెదరకుండా ఉన్నాయి. ఆయన కన్నా గొప్ప సేకర్తగా పేరున్న ఫిలిప్ వాన్ ఫెరారీ కూడా తన సేకరణను బెర్లిన్ తపాలా మ్యూజియంకు రాసిచ్చి 1917లో పోయారు. సేకరణ ఉన్నది ప్యారిస్‌లో, అప్పుడు జరుగుతున్నది ప్రపంచ యుద్ధం. ఫ్రాన్స్ ప్రభుత్వం దాన్ని శత్రువుల ఆస్తిగా స్వాధీనం చేసుకుని 1921 నుంచి కొన్నేళ్ల పాటు ముక్కలుగా వేలం వేసింది. నేను ముందు చెప్పిన ఆ బ్రిటిష్ గయానా బిళ్ళ కూడా అందులోదే. మన సేకరణలు ఆ స్థాయివి కావు, కానీ వీలునామాలో ఒక వాక్యం రాసి నిశ్చింతగా ఉండకూడదన్న సంగతి మనకూ వర్తిస్తుంది. ఏ సంస్థకైనా ఇవ్వాలనుకుంటే, బతికుండగానే వాళ్లకు కావాలా అని అడగండి. చాలా సంస్థలు తమ దగ్గర ఉన్నవే మళ్లీ తీసుకోవు, తీసుకున్నా ప్రదర్శిస్తామని మాట ఇవ్వవు.

పిల్లల్నీ ఇలాగే సూటిగా అడగండి. "ఇదంతా నీకే" అనకుండా, "ఇందులో నీకు నచ్చినది ఒక్కటి తీసుకో" అనండి. ఒక్కటి అయితే ఇష్టంగా తీసుకుంటారు.

పన్ను, చట్టం విషయాల్లో మీ దేశపు నియమాలు తెలిసిన ఆడిటరును ఒకసారి కలవండి. చాలా దేశాల్లో సేకరణ అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను ఉంటుంది, కొన్న ధరకు రుజువు లేకపోతే లెక్క మీకు వ్యతిరేకంగా తేలవచ్చు. ప్రాచీన నాణేల అమ్మకం మీద, దేశం దాటించడం మీద ఆంక్షలున్న చోట్లు చాలా ఉన్నాయి. విదేశీ కొనుగోలుదారుకు మాట ఇచ్చే ముందే ఇది తెలుసుకోండి. ఇంటి బీమాలో సేకరణలకు సాధారణంగా ఒక పరిమితి ఉంటుంది, ఇల్లు మారే ముందు అదీ చూడండి.

ఏ నిర్ణయం కోసమూ ఆగనవసరం లేని పని ఒకటి ఉంది, దాన్ని ఈ వారమే చేయండి. నాణేలను మెత్తటి, వంగే, ప్లాస్టిక్ వాసన వచ్చే కవర్లలో ఉంచి ఉంటే అవి పీవీసీవి అయి ఉండవచ్చు. ఏళ్లు గడిచేకొద్దీ అవి ఆమ్లాన్ని వదులుతాయి, నాణెం మీద ఆకుపచ్చని జిగట పేరుకుంటుంది, చివరకు లోహాన్నే తింటుంది. రాగి నాణేలకు మరీ ప్రమాదం. వాటిని తీసి, పీవీసీ లేదని స్పష్టంగా రాసి ఉన్న పాలిస్టర్ కవర్లలోకి మార్చండి. జిగట అప్పటికే పట్టి ఉంటే స్వచ్ఛమైన అసిటోన్‌లో కాసేపు ఉంచి, రుద్దకుండా తీసి ఆరనివ్వండి. గోళ్ల రంగు తుడిచే ద్రవం పనికిరాదు, అందులో ఇతర పదార్థాలు కలుపుతారు. కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు. స్టాంపులకు మాత్రం ఈ వైద్యం చేయకండి.